పాఠకుల ప్రశ్నలు: కడుపులో పురుగులు, మొక్కల మందులు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో కడుపులో పురుగుల గురించి అడిగేవి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. ఈమధ్య వచ్చినవాటిలో మాత్రం ఎక్కువమంది ఒకే సంగతి అడిగారు: మాత్రలకు బదులు గింజలు, ఆకులు, బెరళ్ళు, కషాయాలు వాడి నులిపురుగులను, ఏలికపాములను, బద్దెపురుగులను పోగొట్టుకోవచ్చా? అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్నీ దీనికే కేటాయించాను. ఒకే రకంగా ఉన్న ఉత్తరాలను కలిపి, రాసినవారి పేర్లు తీసివేసి, ప్రశ్నలను కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: వాము నీళ్ళు తాగితే కడుపులో పురుగులు చచ్చిపోతాయని మా అమ్మమ్మ చెప్పేది. దీనికి శాస్త్రీయమైన ఆధారం ఏదైనా ఉందా, లేక ఉత్త నమ్మకమేనా?

జవాబు: మీ అమ్మమ్మగారి మాటకు ఆధారం ఉంది. అయితే ఆ ఆధారాన్ని చివరిదాకా చదివితే వాము నీళ్ళ మీద ఆశ పెట్టుకోవడం కష్టమవుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

వాముకు ఆ ఘాటైన వాసన ఇచ్చే పదార్థం పేరు థైమాల్. మూలికా వైద్యంలో వాము పువ్వు అని పిలిచే తెల్లని స్ఫటికాలు ఇవే. 19వ శతాబ్దం చివర, ఆల్ప్స్ పర్వతాల కింద సెయింట్ గోథార్డ్ సొరంగం తవ్విన కార్మికులు పాలిపోయి, నీరసించి మంచం పట్టినప్పుడు, వారి పేగులను పట్టుకుని రక్తం పీలుస్తున్న కొంకిపురుగులే దానికి కారణమని ఇటలీ వైద్యులు తేల్చారు. ఆ పురుగులకు థైమాల్ ఇవ్వడం అలవాటైంది కూడా ఆ కాలంలోనే. అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో కొంకిపురుగులను అరికట్టడానికి 1909లో ఏర్పడిన రాక్‌ఫెల్లర్ శానిటరీ కమిషన్ లక్షల మందికి పంచిన మందు కూడా థైమాలే. కనుక వాము వాసనలో పురుగులను పడగొట్టే గుణం నిజంగానే ఉంది.

ఇక మోతాదు సంగతి చూడండి. అప్పట్లో పెద్దవారికి ఒక్క రోజులో ఇచ్చిన థైమాల్ సుమారు 4 గ్రాముల వరకు ఉండేది. వాము గింజల్లో నూనె 2 నుంచి 4 శాతం ఉంటుంది, ఆ నూనెలో థైమాల్ సగం అటూ ఇటూగా ఉంటుంది. చెంచాడు వాము 2 గ్రాములనుకుంటే అందులో ఉన్న థైమాల్ 20 నుంచి 40 మిల్లీగ్రాములు, అంటే ఆనాటి మోతాదులో నూరోవంతుకు మించదు. నీళ్ళలో మరిగించినప్పుడు అది కూడా పూర్తిగా దిగదు, కొంత ఆవిరితోనే పోతుంది. సరే, మోతాదు పెంచుదామా అంటే, ఆ 4 గ్రాముల థైమాల్ మింగిన మనిషికి కళ్ళు తిరగడం, వాంతులు కావడం, గుండె బలహీనపడడం, ఒక్కోసారి స్పృహ తప్పడం కూడా జరిగేవి. థైమాల్ నూనెలోనూ మద్యంలోనూ బాగా కరిగి రక్తంలోకి చేరిపోతుంది కనుక, మందు వేసుకున్న రోజున ఆ రెండింటినీ ముట్టనిచ్చేవారు కాదు. విరేచనానికి ఆముదం బదులు లవణాలు ఇచ్చేవారు.

ఆ కాలపు మొక్కల మందులన్నిటిలోనూ ఈ చిక్కు ఉంది. ఆర్టెమీసియా అనే మొక్క మొగ్గల నుంచి 1830లో వేరు చేసిన సంటోనిన్ ఏలికపాములను మత్తెక్కించి వదిలిస్తుంది. మోతాదు కాస్త మించితే ప్రపంచమంతా పసుపు రంగులో కనిపిస్తుంది, ఇంకా మించితే మూర్ఛ వస్తుంది. బద్దెపురుగులకు వాడిన, మగ ఫెర్న్ అనే మొక్క దుంప సారం కంటి నరాన్ని దెబ్బతీసి కొందరి చూపును పోగొట్టింది. దానిమ్మ వేరు బెరడులో, చెట్టు బెరడులో ఉండే పెల్లెటియరిన్ బద్దెపురుగు మీద పనిచేసే మాట నిజమే. అది తల తిప్పుతుంది, వాంతులు తెప్పిస్తుంది, చూపును మసకబారుస్తుంది. థైమాల్ తర్వాత కొంకిపురుగులకు విరివిగా వాడిన, చెనోపోడియం అనే మొక్క నూనె వల్ల పిల్లలు మరణించిన సంఘటనలు వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నాయి. ఆ మందులను వదిలిపెట్టింది అవి పనిచేయక కాదు, పురుగును పడగొట్టే మోతాదుకూ మనిషిని పడగొట్టే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ కావడం వల్ల. ఇప్పుడు వాడే ఆల్బెండజోల్, మెబెండజోల్ మాత్రలలో ఆ ఎడం బాగా పెరిగింది. అవి పేగుల్లోంచి రక్తంలోకి చాలా కొద్దిగా చేరతాయి. కణం లోపలి ట్యూబ్యులిన్ అనే మాంసకృత్తిని పట్టుకుని పనిచేస్తాయి కానీ, మనిషి ట్యూబ్యులిన్ కంటే పురుగు ట్యూబ్యులిన్‌ను ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటాయి.

వాము నీళ్ళు తాగండి, కడుపు ఉబ్బరానికి హాయిగా ఉంటుంది. పురుగులకు చికిత్స జరిగిపోయిందని మాత్రం అనుకోవద్దు.

ప్రశ్న: ఎండబెట్టిన బొప్పాయి గింజల పొడిని తేనెలో కలిపి తింటే ఏడు రోజుల్లో పురుగులు పోతాయని, దీన్ని పరిశోధనలో నిరూపించారని చదివాను. మా ఇంటిల్లిపాదీ నెల రోజులపాటు రోజూ చెంచాడు చొప్పున తీసుకోవాలనుకుంటున్నాం. మంచిదేనా?

జవాబు: మీరు చదివిన పరిశోధన నిజంగా జరిగింది. 2007లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో నైజీరియాలో 60 మంది పిల్లలను తీసుకున్నారు. వారి మలంలో పరాన్నజీవులు కనిపించాయి కానీ వారికి లక్షణాలేవీ లేవు. సగం మందికి బొప్పాయి గింజల పొడి కలిపిన తేనె, మిగతా సగం మందికి ఉత్త తేనె ఇచ్చి, ఏడు రోజుల తర్వాత మళ్ళీ మలపరీక్ష చేశారు. గింజలు తీసుకున్న 30 మందిలో 23 మందికి మలం శుభ్రపడింది. ఉత్త తేనె తీసుకున్న 30 మందిలో కూడా ఐదుగురికి శుభ్రపడింది.

నాకు ఈ అధ్యయనంలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ రెండో సంఖ్య. ఏ మందూ లేకుండానే ప్రతి ఆరుగురిలో ఒకరికి పరీక్షలో పురుగులు కనిపించకుండా పోయాయంటే, పోలిక కోసం రెండో జట్టు లేకుండా చేసే ప్రయోగాలను, 'మేము వాడాం, పోయాయి' అనే అనుభవాలను ఎంత జాగ్రత్తగా తీసుకోవాలో తెలుస్తుంది. ఏలికపాము ఒకటి రెండేళ్ళు, నులిపురుగు దాదాపు రెండు నెలలు బతికి, తమంతట తామే చచ్చి బయటపడతాయి. ముందు రోజు ఏ కషాయం తాగి ఉంటే ఆ కషాయానికి పేరు వస్తుంది.

అంతమాత్రాన 23 అనే సంఖ్యను కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. బొప్పాయి గింజల్లో ఉండే బెంజైల్ ఐసోథయోసయనేట్ అనే పదార్థానికి పురుగులను చంపే శక్తి ఉందని ప్రయోగశాలల్లో తేలింది. నూరిన గింజలు ఘాటుగా ఉండడానికి కారణమూ అదే. ఇది ఇంకా పెద్ద ఎత్తున, ఎక్కువ కాలం పరీక్షించదగిన మందు అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. అయితే ఆ అధ్యయనం చిన్నది, ఏడు రోజులతో ముగిసింది, అందులో ఇచ్చింది ఒకే ఒక్క మోతాదు. మీరు తలపెట్టింది నెల రోజుల వాడకం. కుందేళ్ళకు, కొండముచ్చులకు బొప్పాయి గింజల సారాన్ని దీర్ఘకాలం ఇచ్చినప్పుడు మగ జంతువుల వీర్యకణాలు బాగా తగ్గిపోయాయి. ఆపాక తిరిగి పెరిగాయి కానీ, సంతానం కోరుకునే దంపతులు ఈ సంగతిని తేలిగ్గా తీసుకోలేరు. గర్భిణులు అసలు తీసుకోకూడదు. ఇంటిల్లిపాదికీ ఏ పురుగు ఉందో, అసలు ఉందో లేదో తెలియకుండా నెల రోజులు ఏ మందైనా, అది గింజైనా మాత్రైనా, వాడడం నాకు సమ్మతం కాదు. మొదట మలపరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: ఆల్బెండజోల్ మాత్ర వేసుకున్నాను. ఒక్క పురుగు కూడా బయటపడలేదు. అదే మా స్నేహితురాలికి ఏదో ఆకు పసరు తాగాక విరేచనాలై రెండు పాములు పడ్డాయి. మాత్ర పనిచేయలేదనేనా అర్థం?

జవాబు: కాదు. పాతకాలపు మొక్కల మందులు చాలావరకు పురుగును మత్తెక్కించి, పేగు గోడను పట్టు వదిలేలా చేసేవి. వెంటనే విరేచనాల మందు ఇచ్చి, అది తేరుకునేలోగా బయటికి తోసేవారు. అందువల్ల పురుగు కంటికి కనిపించేది, కొన్నిసార్లు కదులుతూ కూడా కనిపించేది. ఆల్బెండజోల్ దారి వేరు. పురుగు చక్కెరను పీల్చుకునే శక్తిని అది పోగొడుతుంది, పురుగు కొద్ది రోజులపాటు ఆకలితో నీరసించి చస్తుంది. చచ్చిన పురుగు చాలాసార్లు పేగుల్లోనే జీర్ణమైపోతుంది లేదా ముక్కలై ఎవరూ గమనించకుండా వెళ్ళిపోతుంది. కళ్ళకు కనిపించిందా లేదా అన్నది మందు గొప్పతనానికి కొలత కాదు. రెండు మూడు వారాల తర్వాత చేసే మలపరీక్షే కొలత.

మాత్ర అన్ని పురుగుల మీదా ఒకేలా పనిచేయదన్న సంగతి కూడా చెప్పాలి. 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒక్క మోతాదుతో ఏలికపాములు ఉన్నవారిలో సుమారు 95 శాతం మందికి, కొంకిపురుగులు ఉన్నవారిలో సుమారు 80 శాతం మందికి నయమవుతుంది. కొరడాపురుగులు ఉన్నవారిలో మాత్రం 30 శాతం దగ్గరే ఆగిపోతుంది; వారికి మూడు రోజులు వాడవలసి వస్తుంది, కొన్నిసార్లు మరో మందు కలపవలసి వస్తుంది. మాత్రల వెనుక నిలబడి మొక్కలను తప్పుపట్టే వైద్యులం ఈ లోపాన్ని కూడా అంతే స్పష్టంగా ఒప్పుకోవాలి.

మీ స్నేహితురాలికి పడిన రెండు పాములూ ఏలికపాములై ఉంటాయి. ఇంకా లోపల ఉన్నాయేమో పరీక్ష చేయించుకొమ్మని ఆమెకు చెప్పండి. జ్వరం వచ్చినప్పుడు, కొన్ని మందులు పడినప్పుడు ఈ పాములు ఉన్నచోట ఉండక పిత్తనాళం వంటి ఇరుకు దారుల్లోకి దూరే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నా మలంలో తెల్లని బద్దె ముక్కలు కనిపిస్తున్నాయి. గుమ్మడి గింజలు తింటే బద్దెపురుగు పోతుందంటున్నారు. వక్క కూడా కలిపి తినాలట. ఎంత తినాలి?

జవాబు: ఎంత తినాలో రాయను, ఎందుకో చెబుతాను.

మీరు విన్నదాంట్లో నిజం ఉంది. గుమ్మడి గింజల్లోని కుకుర్బిటిన్ బద్దెపురుగును నిస్సత్తువ చేస్తుంది, వక్కలోని అరెకోలిన్ దాని కండరాలను పక్షవాతానికి గురిచేస్తుంది. చైనాలోని సిచువాన్ ప్రావిన్స్‌లో బద్దెపురుగులు ఉన్నవారికి గుమ్మడి గింజలు, ఆపై వక్కల సారం, ఆపై లవణ విరేచనం ఇచ్చి మంచి ఫలితాలు సాధించారు. మొక్కల మందులలో మనుషుల మీద ఇంత చక్కగా పరీక్షించినవి చాలా తక్కువ. కానీ వారు వాడింది కొలిచి తీసిన వక్కల సారం. అది కూడా వైద్యుల కళ్ళ ముందు, ఒక్కసారి మాత్రమే. రోజూ వక్క నమలడం వేరే సంగతి. వక్క నోటి క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ స్పష్టంగా వర్గీకరించింది.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. బద్దెపురుగు కొన్ని మీటర్ల పొడవు పెరుగుతుంది, దాని తల మాత్రం గుండుసూది తల అంత చిన్నది. తల పేగును పట్టుకుని ఉండిపోయి, మిగతా బద్దె మొత్తం ఊడి పడినా, రెండు మూడు నెలల్లో పురుగు మళ్ళీ పెరుగుతుంది. గింజలు తిన్నాక పొడవైన బద్దె పడగానే జబ్బు పోయిందని సంతోషించినవారు చాలామంది ఉన్నారు.

మూడోది, మీ ఉత్తరం చదవగానే నాకు ఆందోళన కలిగించినది. సరిగ్గా ఉడకని గొడ్డు మాంసం వల్ల వచ్చే బద్దెపురుగు, సరిగ్గా ఉడకని పంది మాంసం వల్ల వచ్చే బద్దెపురుగు చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండో రకం పురుగు గుడ్లు పొరపాటున చేతుల ద్వారా నోట్లోకి వెళితే, వాటి నుంచి వచ్చిన పిల్లలు పేగుల్లో ఆగక కండరాలకు, కంటికి, మెదడుకు చేరి తిత్తులు కడతాయి. మెదడులోని తిత్తి మూర్ఛలకు కారణమవుతుంది. ఆ ప్రమాదం పురుగు ఉన్న మనిషికే కాదు, ఆ ఇంట్లో ఉండే అందరికీ ఉంటుంది, కాబట్టి చికిత్స ఆలస్యమైన ప్రతి వారమూ లెక్కలోకి వస్తుంది. రాలిన ముక్కను శుభ్రమైన సీసాలో వేసి పరీక్షకు ఇవ్వండి. బద్దెపురుగుకు నిక్లోసమైడ్, ప్రాజిక్వాంటెల్ అనే మంచి మందులు ఉన్నాయి. మీకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చినా, విడవని తలనొప్పి ఉన్నా, చర్మం కింద గడ్డలు ఉన్నా ఆ మాట వైద్యులకు ముందే చెప్పండి, ఎందుకంటే మెదడులో తిత్తులు ఉన్నవారిలో ప్రాజిక్వాంటెల్ వాపును రేపి మూర్ఛ తెప్పించవచ్చు.

ప్రశ్న: మా ఎనిమిది నెలల పాపకు పురుగులు రాకుండా వారానికోసారి వేపనూనె రెండు చుక్కలు పట్టమంటున్నారు. పట్టవచ్చా?

జవాబు: పట్టవద్దు. లోపలికి తీసుకున్న వేపనూనె వల్ల పసిపిల్లలకు వాంతులు, మగత, మూర్ఛలు వచ్చి, కాలేయం, మెదడు దెబ్బతిని ప్రాణాలు పోయిన సంఘటనలు వైద్య పత్రికలలో ఉన్నాయి. ఏడాది నిండని పిల్లలకు పురుగుల మాత్ర కూడా మామూలుగా ఇవ్వరు; ఏడాది దాటి రెండేళ్ళలోపు పిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్ మోతాదు 200 మిల్లీగ్రాములు. చిన్నపిల్లలకు మాత్రను పొడి చేసి నీళ్ళలో కలిపి ఇవ్వాలి, ఏడుస్తున్నప్పుడు బలవంతంగా నోట్లో వేస్తే గొంతుకు అడ్డం పడుతుంది.

ప్రశ్న: వాయువిడంగాలు, మోదుగ గింజలు ఆయుర్వేదంలో క్రిములకు చెప్పిన మందులు కదా. నాకు పెళ్ళై రెండేళ్ళయింది, గర్భం కోసం ఎదురుచూస్తున్నాను. ఈలోగా కడుపు శుభ్రం చేసుకుందామని వీటి చూర్ణం తెప్పించుకున్నాను. వాడవచ్చా?

జవాబు: అమ్మా, ప్రస్తుతానికి ఆ చూర్ణాన్ని పక్కన పెట్టండి. వాయువిడంగాలలోని ఎంబెలిన్, మోదుగ గింజల్లోని పాలసోనిన్ పురుగుల మీద పనిచేసే పదార్థాలే, ఆ పేరు వాటికి ఊరికే రాలేదు. కానీ జంతువుల మీద చేసిన ప్రయోగాలలో వాయువిడంగాలకూ మోదుగ గింజలకూ గర్భం నిలవకుండా చేసే గుణం కనిపించింది. గర్భం కోసం ఎదురుచూస్తున్నప్పుడు, కడుపులో పురుగు ఉందన్న నిర్ధారణ కూడా లేకుండా వీటిని తీసుకోవడానికి కారణం లేదు. పరీక్షలో పురుగులు ఉన్నాయని తేలితే, గర్భం రాకముందే మాత్ర వేసుకుని ఆ పని ముగించవచ్చు. గర్భం వచ్చాక అయితే మొదటి మూడు నెలలు ఆల్బెండజోల్ కూడా ఇవ్వరు. ఆ తర్వాత అవసరమైతే ఇస్తారు, ఎందుకంటే కొంకిపురుగుల వల్ల వచ్చే రక్తహీనత తల్లికీ బిడ్డకూ చేసే చేటు తక్కువది కాదు.

మీరు ఆయుర్వేదం మాట ఎత్తారు కనుక ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. క్రిముల చికిత్సను ఆ శాస్త్రం మూడు మెట్లుగా చెప్పింది: పురుగును బయటికి లాగడం అపకర్షణం, పురుగు బతకలేని స్థితిని కడుపులో కల్పించడం ప్రకృతి విఘాతం, పురుగు రావడానికి దారితీసిన కారణాన్ని తొలగించడం నిదాన పరివర్జనం. చూర్ణాలూ కషాయాలూ మొదటి రెండు మెట్లకు చెందినవి. ఆధునిక వైద్యంలో మా మాత్ర కూడా అక్కడిదే. మూడో మెట్టు ఎక్కకపోతే చూర్ణం వాడినా మాత్ర వాడినా కొద్ది నెలల్లో పురుగులు తిరిగి వస్తాయి. ఏలికపాము ఆడది రోజుకు దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది, అవి మట్టిలో రెండు మూడు వారాల్లో ముదిరి, ఏళ్ళ తరబడి బతకగలవు. కొంకిపురుగు పిల్లలు మట్టిలోంచి నేరుగా కాలి చర్మాన్ని తొలుచుకుని లోపలికి వస్తాయి. మరుగుదొడ్డి వాడకం, కాళ్ళకు చెప్పులు, కడిగిన చేతులు, కడిగిన కూరగాయలు ఈ మూడో మెట్టుకు చెందిన మందులు.

ప్రశ్న: పరాన్నజీవులను కడిగేస్తుందనే ఒక మూలికల మిశ్రమం వాడుతున్నాను. రోజూ మలంలో తాడులాంటివి పడుతున్నాయి. ఇవి పరీక్షల్లో దొరకని పురుగులని ఆ మిశ్రమం అమ్మేవారు అంటున్నారు. నాకు చాలా భయంగా ఉంది.

జవాబు: భయపడకండి, అవి పురుగులు కావు. అలాంటి మిశ్రమాలలో పేగుల్లో ఉబ్బి జిగురు కట్టే పీచు పదార్థాలో, బంకమట్టి లాంటివో ఉంటే, అవి పేగు జిగురుతో కలిసి తాళ్ళలా బయటికి వస్తాయి. విరేచనాలు ఎక్కువైతే పేగు లోపలి పొర కూడా పీలికలుగా ఊడుతుంది. నిజమైన పురుగుకు దానికంటూ ఒక శరీర నిర్మాణం ఉంటుంది, సూక్ష్మదర్శిని కింద పెడితే ఏ ప్రయోగశాలలోనైనా గుర్తుపడతారు. మందు మానగానే తాళ్ళు ఆగిపోతాయి. అనుమానం తీరకపోతే ఒక తాడును పరీక్షకు ఇవ్వండి. ఆ మిశ్రమంలో వర్మ్‌వుడ్ అనే ఆర్టెమీసియా మొక్క ఉందేమో చీటీ మీద చూడండి. అందులో ఉండే థుజోన్ మోతాదు మించితే మూర్ఛలు తెప్పిస్తుంది.

ప్రశ్న: తీపి ఎక్కువ తింటే కడుపులో పురుగులు పడతాయా? నిద్రలో పళ్ళు కొరికితే పురుగులు ఉన్నట్టేనా?

జవాబు: రెండూ కాదు. గుడ్డో పిల్లపురుగో బయటినుంచి ఒంట్లోకి రానిదే పురుగు పుట్టదు. మట్టి తినే పిల్లలను మాత్రం తప్పక పరీక్షించండి: రక్తహీనత వల్ల మట్టి మీద మనసు పోవచ్చు, ఆ మట్టితోనే గుడ్లు లోపలికి వెళ్ళవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్ళు. ఉబ్బసానికి చాలాకాలంగా స్టీరాయిడ్ మాత్రలు వాడుతున్నారు. ఈమధ్య కడుపునొప్పి, ఒంటి మీద పాకుతున్నట్టు ఎర్రటి దద్దుర్లు, రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువ. పురుగులేమోనని ఇంట్లో వెల్లుల్లి, వేపాకు కషాయం ఇస్తున్నాం. తగ్గుతుందా?

జవాబు: ఈ సంచికలో అన్నిటికంటే తొందరగా వైద్యుల దగ్గరికి వెళ్ళవలసింది మీ నాన్నగారే. కషాయం ఫలితం కోసం వేచి చూడకండి. మీరు రాసిన లక్షణాలు స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పురుగును గుర్తు చేస్తున్నాయి. మిగతా పురుగులలో చాలావాటికి లేని ఒక స్వభావం దీనికి ఉంది: ఇది బయటి మట్టితో పని లేకుండా అదే మనిషిలో మళ్ళీ మళ్ళీ పుట్టగలదు. అందుకే ఎప్పుడో చిన్ననాడు కాలి గుండా వచ్చిన పురుగు పదుల ఏళ్ళ తర్వాత కూడా ఒంట్లో ఉండిపోతుంది. శరీరం దాన్ని అదుపులో పెట్టినంతకాలం పెద్దగా బాధ ఉండదు. స్టీరాయిడ్లు ఆ అదుపును తీసేస్తే పిల్లపురుగులు లెక్కలేనంతగా పెరిగి ఊపిరితిత్తులకు, మెదడుకు చేరతాయి. వాటితోపాటు పేగుల్లోని బాక్టీరియా రక్తంలోకి వెళుతుంది, అది ప్రాణాంతకం. ఒక్కసారి చేసిన మామూలు మలపరీక్షలో ఈ పురుగు చాలాసార్లు దొరకదు, కాబట్టి వైద్యులకు ఈ పేరు చెప్పి, అవసరమైన రక్తపరీక్ష కూడా అడగండి. స్టీరాయిడ్ మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు, హఠాత్తుగా ఆపడమూ ప్రమాదమే.

దీనికి సరైన మందు ఐవర్‌మెక్టిన్. మట్టిలోని ఒక బాక్టీరియా నుంచి దొరికిన పదార్థం దీనికి మూలం. దాన్ని కనిపెట్టిన సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడు అదే బహుమతిలో సగం ఆర్టెమీసియా జాతి మొక్క నుంచి మలేరియా మందు వెలికితీసిన తు యుయుకు దక్కింది. ప్రకృతి నుంచి వచ్చిన మందు మీద నాకు చిన్నచూపు లేదని ఈ రెండు పేర్లే చెబుతాయి. వారు చేసింది ఏమిటంటే, పనిచేసే పదార్థాన్ని వేరు చేసి, కొలిచి, మనుషులకు ఎంతవరకు ఇవ్వవచ్చో తేల్చడం. మీరు కాచే కషాయానికి ఆ కొలత లేదు.

ప్రశ్న: మా ఆరేళ్ళ బాబు రాత్రిళ్ళు ఆసనం దగ్గర దురదతో ఏడుస్తాడు. మాత్ర వేస్తే తగ్గి, నెల తిరగకుండా మళ్ళీ వస్తోంది. మాత్రలకు అలవాటుపడ్డాడేమోనని భయంగా ఉంది. వెల్లుల్లి రెబ్బ నూరి ఆసనం దగ్గర రాయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వెల్లుల్లి వద్దమ్మా, పసివాడి లేత చర్మం బొబ్బలెక్కుతుంది. మాత్రలకు అలవాటుపడటం కూడా కాదు. ఇవి నులిపురుగులు, మాత్రతో చస్తున్నాయి, మీ ఇంట్లోనే ఉన్న గుడ్లతో మళ్ళీ వస్తున్నాయి.

సుమారు ఒక సెంటీమీటరు పొడవుండే ఆడ నులిపురుగు రాత్రిపూట ఆసనం బయటికి వచ్చి, చుట్టూ ఉన్న చర్మం మీద వేల కొద్దీ గుడ్లు పెట్టి చస్తుంది. నాలుగైదు గంటల్లోనే ఆ గుడ్లు అంటుకునే స్థితికి వస్తాయి. బాబు గోక్కున్నప్పుడు గోళ్ళ కిందికి, అక్కడినుంచి నోటికి, దుప్పట్లకు, ఆటవస్తువులకు చేరి, రెండు మూడు వారాల దాకా బతికి ఉండగలవు. మాత్ర ఈ గుడ్లను చంపదు. అందుకే మొదటి మోతాదు తర్వాత రెండు వారాలకు రెండో మోతాదు తప్పనిసరి, అప్పటికి గుడ్లలోంచి వచ్చిన కొత్త పురుగులు దానికి చిక్కుతాయి. మీ ఉత్తరంలో రెండో మోతాదు మాట లేదు, ఇంట్లో మిగతావారు వేసుకున్న మాటా లేదు. దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలి, అందరూ రెండు వారాలకు మళ్ళీ వేసుకోవాలి. ఎవరైనా గర్భంతో ఉంటే వారు మాత్రం ముందు వైద్యులను అడగాలి.

మలపరీక్షలో నులిపురుగులు సాధారణంగా దొరకవు. తెల్లవారి బాబు లేవగానే, కడగకముందే, పారదర్శకంగా ఉండే అంటుకునే టేపును ఆసనం పక్క చర్మానికి అద్ది, గాజు పలక మీద అతికించి ప్రయోగశాలకు ఇవ్వండి. ఇలా వరుసగా మూడు ఉదయాలు చేస్తే చాలావరకు తేలిపోతుంది.

ఇక ఈ మూడు వారాలూ మీరు చేయవలసిన పని మాత్ర కంటే పెద్దది. బాబు గోళ్ళు పూర్తిగా కత్తిరించండి. రాత్రి బిగుతైన లోదుస్తు వేసి పడుకోబెట్టండి. పొద్దున లేవగానే స్నానం చేయించండి, రాత్రి పెట్టిన గుడ్లు అప్పుడే పోతాయి. లోదుస్తులు రోజూ, దుప్పట్లు మాత్ర వేసిన మర్నాడూ వేడినీళ్ళలో ఉతకండి, కానీ ఉతకడానికి తీసేటప్పుడు దులపకండి, గుడ్లు గాలిలో లేచి గదంతా పడతాయి. దుప్పటిని నాలుగు మూలలా లోపలికి మడిచి, మూటలా ఎత్తి నేరుగా నీళ్ళలో వేయండి.